క్లస్టర్ అప్‌గ్రేడ్ తర్వాత నాకొక్కడికే మాడ్యూల్ ఎర్రర్లు ఎందుకు? - జవాబు

మీ క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో) సెంటాస్ 7 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి రాకీ లైనక్స్ 8 పెట్టాక లాగిన్ అవగానే ‘ఈ మాడ్యూల్స్ తెలియవు’ అని ఎల్‌మాడ్ (కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ని మాడ్యూల్ పేరుతో లోడ్ చేసే టూల్) ఎర్రర్లు వస్తున్నాయని, పక్క సీటు ఫ్రెండుకి మాత్రం ఏ గొడవా లేదని రాశారు. ఆ రెండో మాటే అసలు క్లూ అండి. ఒకే క్లస్టర్ మీద ఒకరికే వస్తోందంటే ముందు మీ హోమ్ డైరెక్టరీని అనుమానించాలి. సిస్టమ్ అంతా మారినా హోమ్ మాత్రం పాత సరుకుతో అలాగే ఉంటుంది.

2024 జూన్ 30తో సెంటాస్ 7కి సపోర్ట్ ఆగిపోవడంతో మా ల్యాబ్‌లోనూ ఇదే మార్పు జరిగింది. కొత్తగా చేరినవాళ్ళు హాయిగా పని చేసుకున్నారు, తలనొప్పంతా సీనియర్లకే. ఎవరో ఎప్పుడో రాసిన మాడ్యూల్ లోడ్ లైన్లు ఒకరి నుంచి ఒకరికి కాపీ అవుతూ అందరి బాష్‌ఆర్‌సీలోనూ (లాగిన్ అవగానే నడిచే సెట్టింగుల ఫైల్‌లో) ఉండిపోయాయి.

కాబట్టి ముందు మీ బాష్‌ఆర్‌సీలో అలాంటి లైన్ల మొదట్లో హ్యాష్ (#) పెట్టి, అంటే అవి నడవకుండా చేసి, లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అవండి. ఇంకా వస్తుంటే మాడ్యూల్ సేవ్‌లిస్ట్ కొట్టి చూడండి. ఎప్పుడైనా మాడ్యూల్ సేవ్ వాడి ఉంటే డిఫాల్ట్ అనే కలెక్షన్ (సేవ్ చేసుకున్న మాడ్యూళ్ళ జాబితా) ఉంటుంది. చాలా క్లస్టర్లలో లాగిన్ అవగానే అదే తనంతట తాను లోడ్ అవుతుంది, అందులో పాత పేర్లే ఉంటాయి. మాడ్యూల్ డిజేబుల్‌తో దాన్ని పక్కన పెట్టొచ్చు. ఆ తర్వాత కూడా మొండికేస్తే ఎల్‌మాడ్ క్యాష్ ఫోల్డర్ తీసేయండి, భయం లేదు, మళ్ళీ అదే తయారవుతుంది.

ఇక పేర్ల సంగతి. ఇప్పుడు లోడ్ చేయగలిగేవి చూపే మాడ్యూల్ అవైల్‌లో కనబడలేదని ఆ సాఫ్ట్‌వేర్ లేదనుకోకండి. కంపైలర్ లోడ్ చేస్తేనే దాని కింద ఎంపీఐ (ఒకే ప్రోగ్రామ్‌ని చాలా ప్రాసెసర్ల మీద నడపడానికి వాడే లైబ్రరీ), ఎంపీఐ లోడ్ చేస్తేనే దానితో కట్టిన లైబ్రరీలు కనిపించేలా కొన్నిచోట్ల అమరుస్తారు. మాడ్యూల్ స్పైడర్‌కి పేరు, వెర్షన్ రెండూ ఇస్తే ముందుగా ఏవి లోడ్ చేయాలో అదే చెబుతుంది.

మాడ్యూల్ లోడ్ అయినా ప్రోగ్రామ్ నడవకపోతే దాని మీద ఎల్‌డీడీ కమాండ్ నడపండి, దానికి కావాల్సిన లైబ్రరీల్లో ఏవి దొరకలేదో చూపిస్తుంది. సెంటాస్ 7 సొంత కంపైలర్ జీసీసీ 4.8తో కట్టిన ఫోర్ట్రాన్ కోడ్ లిబ్‌జీఫోర్ట్రాన్ అనే లైబ్రరీ 3వ వెర్షన్‌ని అడుగుతుంది, రాకీ 8 జీసీసీతో వచ్చేది 5. కొత్త లైబ్రరీకి పాత పేరుతో లింకులు పెట్టి ఏమార్చే చిట్కాలు చెప్పేవాళ్ళుంటారు, వినకండి. రిజల్ట్స్ తప్పొస్తే ఎవరికీ తెలీదు. మేక్ క్లీన్ చేసి మళ్ళీ కంపైల్ చేయడమే నయం.

పాత పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్యాకేజీలు విడిగా పెట్టుకునే ఫోల్డర్) మీద కూడా ఆశ పెట్టుకోకండి. అది ఆధారపడ్డ పైథాన్ మాడ్యూలే పోయాక ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ కూడా నడవదు. కానీ తుడిచేసే ముందు దాని సైట్‌ప్యాకేజెస్ ఫోల్డర్ తెరవండి, ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఆ ఫోల్డర్ల పేర్లలోనే ఉంటుంది.

టెర్మినల్‌లో బాగుండి జాబ్‌లో (క్లస్టర్‌లో పనులు పంచే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్‌కి స్క్రిప్ట్‌గా ఇచ్చే పనిలో) మాత్రం మాడ్యూల్ కమాండే లేదని వస్తే స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బాష్ పక్కన హైఫన్ ఎల్ చేర్చండి. ఆ కింద స్లర్మ్ లైన్లు అయ్యాక మాడ్యూల్ పర్జ్ (లోడ్ అయి ఉన్నవన్నీ తీసేసే కమాండ్) పెట్టి, కావాల్సినవి వెర్షన్‌తో సహా లోడ్ చేయండి. సబ్మిట్ చేసేటప్పుడు మీ టెర్మినల్‌లో ఉన్నవన్నీ స్లర్మ్ మామూలుగా జాబ్‌లోకి మోసుకెళ్తుంది, పర్జ్ అందుకే.

ఇంత చేశాక కూడా స్పైడర్‌లో కనిపించే మాడ్యూల్ లోడ్ అవకపోతే అది అడ్మిన్ చూడాల్సింది. మెయిల్‌లో ఎర్రర్ మొత్తంతో పాటు జాబ్ ఏ నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) మీద పడిందో కూడా రాయండి, కొన్ని నోడ్లు ఇంకా పాత ఇమేజ్‌తోనే ఉండొచ్చు.