ఒకే ఫంక్షన్‌ను 30 సార్లు పిలిచాను, సి వదిలేయాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబెడెడ్ ఉద్యోగం (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రామ్‌లు రాసే పని) ఇంటర్వ్యూలో చిప్‌కి ఉన్న 30 పిన్‌లను సెట్ చేసే సి ప్రోగ్రామ్ రాయమన్నారు. ఒకే ఫంక్షన్‌ను 30 లైన్లలో పిలిచాను. "ఇది తగ్గించగలవా?" అని అడిగితే టెన్షన్‌లో నోట మాట రాలేదు. సి వదిలేసి వేరే లాంగ్వేజ్‌కి మారిపోవాలా?

జవాబు: వద్దు. మీరు రాసింది తప్పు ప్రోగ్రామ్ కాదు, సగంలో ఆగిన ప్రోగ్రామ్. ఆ మిగతా సగం నేర్చుకోవడానికి వారం చాలు.

ఆ 30 లైన్లలో మారుతున్నదేమిటి? పిన్ నంబరు, దాని మోడ్ (ఇన్‌పుటా, అవుట్‌పుటా అన్నది), అంతే. ఆ రెండింటినీ కలిపి ఒక స్ట్రక్చర్‌ చేసి, 30 ఎంట్రీల అర్రేలో, అంటే ఒక టేబుల్‌లో పెట్టండి. అప్పుడు ఫంక్షన్ కాల్ ఒక లూప్‌లో ఒక్కచోటే ఉంటుంది. ఎంట్రీల సంఖ్యను చేత్తో రాయకండి. మెమరీలో సైజు చెప్పే సైజాఫ్‌తో అర్రే మొత్తం సైజును ఒక ఎంట్రీ సైజుతో భాగిస్తే, కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలరే లెక్క కడుతుంది. రేపు 31వ పిన్ వస్తే టేబుల్‌లో ఒక లైన్ చేరుతుంది, లూప్ జోలికి వెళ్లక్కర్లేదు. ఎర్రర్ చెక్ కూడా ఒక్కచోటే. అదే 30 చోట్ల రాస్తే ఎక్కడో ఒకచోట మర్చిపోతాం, నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద లాభం అనిపిస్తుంది.

అయితే తగ్గింది మనం రాసే లైన్లే. నడిచేటప్పుడు ఆ ఫంక్షన్‌కి ఇప్పటికీ 30 కాల్స్ వెళ్తాయి. ఇంటర్వ్యూలో ఈ తేడా మీరే ముందుగా చెప్పండి.

నడిచేటప్పుడు వృథా అయ్యే కాల్స్ వేరే. స్ట్రింగ్‌లోని అక్షరాలన్నీ చిన్నబడికి (లోయర్‌కేస్‌కి) మార్చే లూప్‌లో, కండిషన్‌లోనే స్ట్రెలెన్ (స్ట్రింగ్ పొడవు లెక్కపెట్టే ఫంక్షన్) రాస్తారు చాలామంది. 10,000 అక్షరాలుంటే ప్రతి చుట్టులోనూ మొదటి నుంచి లెక్కపెట్టాలి, అంటే సుమారు 10 కోట్ల అక్షరాలు చూడాలి. పొడవు మారదని మీకు తెలుసు. లూప్ లోపల స్ట్రింగ్‌లోకే రాస్తున్నారు కాబట్టి కంపైలర్ అలా నమ్మలేకపోవచ్చు. లూప్‌కి ముందే పొడవును ఒక వేరియబుల్‌లో దాచుకోండి.

మ్యాక్రోలతో (కంపైల్‌కి ముందే ఒక పేరు బదులు కోడ్‌ను యథాతథంగా అతికించేవి) కుదించాలనిపిస్తుంది, తొందరపడకండి. ఆర్గ్యుమెంట్‌ను రెండుసార్లు వాడే మ్యాక్రోకి ఐ ప్లస్ ప్లస్ (ఐ విలువను ఒకటి పెంచేది) ఇస్తే ఐ రెండుసార్లు పెరగవచ్చు. చిన్న ఫంక్షన్ అయితే దాని ముందు స్టాటిక్ ఇన్‌లైన్ అని రాస్తే చాలు, సి99 (1999 నాటి సి ప్రమాణం) నుంచి అది ప్రామాణిక సిలోనే ఉంది.

ఇవాళే మీ ప్రాజెక్టు కోడ్ తెరిచి, ఒకే కాల్ వరుసగా మూడుసార్లకు మించి కనిపించిన చోటు ఒకటి టేబుల్‌గా మార్చండి. పాత కోడ్ కూడా ఉంచుకోండి, తర్వాతి ఇంటర్వ్యూలో రెండూ పక్కపక్కన పెట్టి వివరించండి.