కాంట్రాక్టర్‌కి పూర్తిగా కట్టేశాం, అయినా ఇంటి మీద లీన్ వేస్తారా?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటాం. బాత్రూములు రెండూ కొత్తగా చేయించుకున్నాం. కాంట్రాక్టర్‌కి ఆఖరి డాలరుతో సహా ఇచ్చేశాం. అతను సామాను అరువు తెచ్చిన కంపెనీ ఇప్పుడు మా ఇంటి మీద 11,000 డాలర్లకు లీన్, అంటే బాకీ తీరేదాకా ఇంటిని పట్టి ఉంచే హక్కు, రికార్డు చేసింది. ముఖం కూడా చూడని వాళ్ళకు మేం రెండోసారి కట్టాలా? ఇదేం న్యాయం?

జవాబు:

కట్టాల్సి రావచ్చండీ. మీ దగ్గరున్న రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు రేపు కాంట్రాక్టర్ మీద కేసు వేయడానికి పనికొస్తాయి. సప్లయర్‌ని మాత్రం అవి ఆపవు. ఇక్కడ సామాను గోడకి ఎక్కిందంటే దాని బాకీ ఇంటికి ఎక్కినట్టే. ఇదేదో కౌంటీ వాళ్ళు పెట్టిన చిన్న రూలు కాదు, కాలిఫోర్నియా రాజ్యాంగంలోనే ఉంది, 14వ అధికరణంలో.

కానీ కంగారుపడి చెక్కు రాయకండి. ముందు ఇంట్లో ఉన్న ఉత్తరాల కుప్ప తిరగేయండి. మీతో నేరుగా ఒప్పందం లేని సప్లయర్ సామాను దింపిన 20 రోజుల్లోపు మీకు ప్రిలిమినరీ నోటీసు, అంటే బాకీ పడితే లీన్ వేయొచ్చని ముందే చెప్పే కాగితం, పంపి తీరాలి. ఆలస్యంగా పంపితే, పంపిన రోజుకి 20 రోజుల ముందు నుంచి ఇచ్చిన సామానుకే హక్కు. అసలు పంపకపోతే లీన్ నిలబడదు. ఆ కాగితం మీద "మీరు మీ కాంట్రాక్టర్‌కి మొత్తం కట్టేసినా సరే" అనే అర్థం వచ్చే హెచ్చరిక పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అయినా ఎవరూ చదవరు. మన ఇళ్ళల్లో ఉత్తరం అంటే ఏదో క్రెడిట్ కార్డు వాడి ప్రకటన, లేదంటే పచ్చిక ఎండిపోయిందని హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం, వాళ్ళ సతాయింపు. ఆ హెచ్‌ఓఏ గురించి మొదలుపెడితే ఈ జవాబు తెల్లారినా పూర్తవదు.

మా ఇంట్లో ఆ నోటీసు చదివింది మా మామయ్యగారు. మేం వంటగది మొత్తం పీకించి కొత్తగా కట్టించుకుంటున్న రోజులవి. అత్తయ్యగారు, ఆయన ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు. ఆయన రోడ్లు భవనాల శాఖలో డీఈగా రిటైరయ్యారు. ఇక్కడ పేపరు రాదు, పలకరించే మనిషి లేడు. దాంతో ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్నీ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. పిజ్జా కూపన్లు కూడా. సర్టిఫైడ్ మెయిల్‌లో కేబినెట్ల కంపెనీ పంపిన నోటీసును అలాగే చదివి, మడిచి, పంచాంగంలో పెట్టుకున్నారు.

మా కాంట్రాక్టర్ తెలుగాయనే. వాట్సాప్ గ్రూపులో ఓ నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టి మరీ సిఫారసు చేశారు. ఈ సిఫారసుల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. సగం మంది పని పూర్తి కాకముందే మెచ్చుకుంటారు, మిగతా సగం మంది తమ పని ఎలా చచ్చిందో చెప్పుకోలేక మెచ్చుకుంటారు. లైసెన్స్ నంబరు అడిగినవాళ్ళు గ్రూపులో ఒక్కరూ కనపడలేదు. సీఎస్ఎల్‌బీ, అంటే రాష్ట్ర లైసెన్స్ బోర్డు, వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే లైసెన్స్ నడుస్తోందా, బాండు (అతను ముంచితే నష్టంలో కొంత కట్టే హామీ) ఉందా, పనివాళ్ళకు ఇన్సూరెన్స్ ఉందా, అన్నీ కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు. "మనవాడే" అనిపించుకున్నాక ఇంక నంబరెందుకు అనుకుంటారు.

మొత్తం ఒప్పందం 58,000 డాలర్లు. చివరి వాయిదా 9,000 మిగిలి ఉంది. కౌంటర్‌టాప్ బిగించారు, స్టవ్ ఇంకా పెట్టలేదు. కాంట్రాక్టర్ శనివారం పొద్దున్నే చెక్కు కోసం వచ్చాడు, చేతిలో స్వీట్ల డబ్బా కూడా. అత్తయ్యగారు గ్యారేజీలో క్యాంపు స్టవ్ మీద కాఫీ పెట్టి ఇచ్చారు. ఆయన సగం కాఫీ తాగేలోపు మామయ్యగారు పంచాంగం తెచ్చి కొత్త కౌంటర్ మీద పెట్టి, లోపలి నుంచి నోటీసు తీశారు.

"ఈ కేబినెట్ల వాళ్ళకి ఎంత ఇవ్వాలి బాబూ?"

"అదేం లేదు బాబాయ్‌గారూ, అది ఫార్మాలిటీ. ఇక్కడ అందరికీ పంపిస్తారు."

"పంపిస్తారులే. ఎంత ఇవ్వాలి అని అడుగుతున్నా."

"మనవాళ్ళం, మీరు అంత అనుమానం పెట్టుకుంటే ఎలా? మొన్న సత్యనారాయణ వ్రతానికి కూడా వచ్చాను కదా."

"వ్రతం ప్రసాదం తిన్నావు, బాగానే ఉంది. కేబినెట్ల వాళ్ళకి డబ్బు ముట్టినట్టు కాగితం తెచ్చావా?"

మా ఆయనకి తల కొట్టేసినట్టయింది. "నాన్నా, ఇది ఇండియా కాదు" అన్నాడు. మామయ్యగారు నా వైపు తిరిగి, "అమ్మాయ్, ఈ కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చెయ్యి" అన్నారు. చేశాను. శనివారం అయినా ఎత్తారు. స్పీకర్లో పెట్టాను. కేబినెట్ల తాలూకు 8,200 డాలర్లు ఇంకా రాలేదని ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. కాంట్రాక్టర్ కాఫీ గ్లాసు లోపలికి చూస్తూ కూర్చున్నాడు.

మామయ్యగారికి కాలిఫోర్నియా చట్టం ఒక్క ముక్క తెలియదు. కానీ ఎం-బుక్, అంటే చేసిన పని కొలతల పుస్తకం, రాయకుండా ఒక్క బిల్లు పాస్ చేయని మనిషి, ప్రతి బిల్లులోనూ డిపాజిట్ కింద కొంత పట్టుకునే అలవాటున్న మనిషి. "ఆఖరి బిల్లు చేతిలో ఉన్నంతసేపే వీళ్ళు మన మాట వింటారు" అన్నారు, తెలుగులోనే, కాంట్రాక్టర్ ముందే. ఇంతకన్నా మంచి సలహా గంటకి 450 డాలర్లు తీసుకునే లాయరు కూడా నాకు ఇవ్వలేదు.

మేం చేసింది ఏమిటంటే, 8,200కి జాయింట్ చెక్కు రాశాం, కాంట్రాక్టర్ పేరు, కేబినెట్ల కంపెనీ పేరు రెండూ కలిపి. ఇద్దరూ సంతకం పెడితే తప్ప బ్యాంకు తీసుకోదు. చెక్కు ఇచ్చేటప్పుడు కంపెనీ నుంచి కండిషనల్ వేవర్ (డబ్బు జమైతే లీన్ హక్కు వదులుకుంటాం అనే కాగితం), డబ్బు జమయ్యాక అన్‌కండిషనల్ వేవర్ (ఏ షరతూ లేకుండా వదులుకున్నాం అనే కాగితం) రాయించుకున్నాం. ఈ ఫారాల నమూనా చట్టంలోనే ఉంది, వాయిదా చెల్లింపుకి రెండు, ఆఖరి చెల్లింపుకి రెండు. కాంట్రాక్టర్ సొంతంగా టైపు చేసుకొచ్చిన "అందరికీ ఇచ్చేశాను" కాగితం చిత్తు కాగితం కింద లెక్క. ఎవరికి ఇవ్వాలో వాళ్ళ సంతకం కావాలి. మిగిలిన 800 కాంట్రాక్టర్‌కి ఇచ్చాం. స్వీట్ల డబ్బా వదిలేసి వెళ్ళాడు, అదొక్కటే కలిసొచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. టైల్స్ కంపెనీకి కూడా ఆయన 3,900 బాకీ ఉన్నాడట. వాళ్ళు మాకు నోటీసే పంపలేదు, అయినా లీన్ రికార్డు చేశారు. కౌంటీ రికార్డర్ ఆఫీసులో ఫీజు కట్టి కాగితం ఇస్తే రికార్డు చేస్తారు, చెల్లుతుందా లేదా అని విచారించడం వాళ్ళ పని కాదు. అప్పుడే మేం రీఫైనాన్స్‌కి, అంటే పాత ఇంటి అప్పు తీర్చి కొత్త అప్పు తీసుకోవడానికి, పెట్టుకున్నాం. ఇంటి హక్కుల రికార్డులు చూసే టైటిల్ కంపెనీ ఆ లీన్ చూసి ఆపేసింది. అప్పు ఇచ్చేవాళ్ళు ఖాయం చేసిన వడ్డీ రేటు గడువు దాటిపోతోందని మా ఆయనకి నిద్ర లేదు, ఆయనకి లేకపోతే ఇంట్లో ఎవరికీ లేనట్టే.

ఇక్కడ తెలుసుకోవలసింది: లీన్ రికార్డు చేసినవాళ్ళు 90 రోజుల్లోపు కోర్టులో దావా వేయాలి. వేయకపోతే ఆ లీన్ చచ్చినట్టే, కాకపోతే రికార్డుల్లో మాత్రం అలాగే పడి ఉంటుంది. దాన్ని తీయమని ముందు వాళ్ళకి పది రోజుల నోటీసు ఇవ్వాలి, అప్పటికీ తీయకపోతే కోర్టుకి పిటిషన్ పెట్టుకోవచ్చు, గెలిస్తే లాయర్ ఖర్చు కూడా రాబట్టుకోవచ్చు. టైల్స్ వాళ్ళు దావా వేయలేదు. 90 రోజులు దాటగానే నోటీసు పంపాం, లాయర్ ఖర్చు మాట అందులో స్పష్టంగా రాశాం. కిక్కురుమనకుండా రిలీజ్ రికార్డు చేశారు.

మీరు అడిగిన న్యాయం విషయానికి వస్తే, మీకు కోపం వచ్చినా చెబుతాను, ఈ చట్టం న్యాయమైనదే. దీని మూలం 1791లో మేరీలాండ్ చేసిన చట్టం. వాషింగ్టన్ నగరం కట్టడానికి మేస్త్రీలు, సామాను ఇచ్చేవాళ్ళు ధైర్యంగా ముందుకు రావాలని జెఫర్సన్ లాంటివాళ్ళు పట్టుబట్టి తెచ్చారు. మన దగ్గర సిమెంటు కొట్టువాడి గతేమిటి? 1930 నాటి సరుకు అమ్మకాల చట్టం ప్రకారం, సరుకు తన చేతిలో ఉన్నంతవరకే దాని మీద అతనికి పట్టు. లారీ దిగి స్లాబులో కలిసిపోయాక బిల్డర్ చుట్టూ తిరగాల్సిందే. సెంట్రింగ్ కూలీల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఇలాంటి లీన్ చట్టం ఒకటి ఉంటే సగం మంది బిల్డర్లు రాత్రికి రాత్రే బాకీలు తీర్చేస్తారని నా నమ్మకం. మామయ్యగారు ఒప్పుకోరు. "అప్పుడు అపార్ట్‌మెంట్ కొన్న గుమాస్తా చస్తాడు, బిల్డర్ చావడు" అంటారు. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మా వదిన ఇవన్నీ విని భయపడింది. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సే లేదు, అది ఘోరం. కానీ మీరు కాపురముంటున్న ఇంటి మీద లీన్ చెల్లాలంటే పని మొదలవకముందే భార్యాభర్తలిద్దరూ సంతకం చేసిన ఒప్పందం ఉండాలి, అది కౌంటీ క్లర్క్ దగ్గర ఫైలవ్వాలి. పైగా పని ముగిశాక 30 రోజుల వరకు పది శాతం పట్టి ఉంచాలని చట్టమే చెబుతుంది. ఇది వినగానే మామయ్యగారు టెక్సస్‌ని మెచ్చుకున్నారు, కాలిఫోర్నియాలో ఆయన మెచ్చుకున్నది వాతావరణం ఒక్కటే.

మీ సంగతికి వస్తే, లీన్ కాగితం మీద రికార్డు చేసిన తేదీ చూడండి, అక్కడి నుంచి 90 రోజులు లెక్క కట్టండి. పని పూర్తయిన తేదీ కూడా కావాలి, ఎందుకంటే సప్లయర్ పని ముగిసిన 90 రోజుల్లోపే లీన్ రికార్డు చేయాలి. మీరు నోటీస్ ఆఫ్ కంప్లీషన్, అంటే పని పూర్తయిందని చెప్పే కాగితం, రికార్డు చేసి ఉంటే ఆ గడువు 30 రోజులకు తగ్గుతుంది. మొదట్లో ఆ కాంట్రాక్టర్ మీ దగ్గర పెద్ద అడ్వాన్సు తీసుకుని ఉంటే అదీ సీఎస్ఎల్‌బీ ఫిర్యాదులో రాయండి. ఇళ్ళ మరమ్మతు పనుల్లో అడ్వాన్సు పది శాతం, వెయ్యి డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. అతని లైసెన్స్ బాండు 25,000 డాలర్లు ఉంటుంది, మీలాంటివాళ్ళు ఇంకెంతమంది వరసలో ఉన్నారో బట్టి మీకు ఎంతో కొంత దొరకొచ్చు.

ప్రిలిమినరీ నోటీసు సరిగ్గా వచ్చి, తేదీలన్నీ వాళ్ళకే కలిసొస్తే, సప్లయర్‌కి ఫోన్ చేసి బేరమాడండి. వాళ్ళకీ కోర్టు ఖర్చు దండగే, ఓ మూడు వేలు తగ్గిస్తారు చూడండి. ఇల్లు అమ్మే తొందర ఉంటే లీన్ మొత్తానికి 125 శాతం బాండు పెట్టి ఇంటిని విడిపించుకునే దారి కూడా ఉంది. ఏం కట్టినా అన్‌కండిషనల్ వేవర్, లీన్ రిలీజ్ రెండూ తీసుకోండి. ఆ రిలీజ్‌ని రికార్డర్ ఆఫీసులో వాళ్ళు ఫైల్ చేస్తారులే అని కూర్చోకుండా మీరే వెళ్ళి ఫైల్ చేయండి.