కండక్టర్ ఉద్యోగంలో చేరిన మేనల్లుడికి

అల్లుడూ,

మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు సంస్థ, అదే మన ఎస్టీ, అహేరి డిపోలో డ్యూటీ ఎక్కావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది: "సిరొంచలో ఎవరడిగినా కండక్టర్ అని చెప్పట్లేదన్నా వీడు, ఎస్టీలో ఆఫీసు పని అంటున్నాడు." నీ దోస్తులు హైదరాబాద్‌లో ఏసీ గదుల్లో ఉంటే నీకు సంచి తగిలించుకోవడం నామోషీగా ఉందేమో. ఆ సంచి మోసినవాణ్ణే కాబట్టి చెబుతున్నాను, విను.

టికెట్ మిషన్ ఉంది కదా అని లెక్క దానికే వదిలేయకు. స్టేజీ దాటినప్పుడల్లా తలలు లెక్కపెట్టు. 75 ఏళ్లు నిండినవాళ్లకు చార్జీ లేదు, 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగమే. డబ్బులు రావు కదా అని సున్నా టికెట్ కొట్టడానికి బద్ధకించేవాళ్లుంటారు. ఆ టికెట్లను బట్టే సర్కారు మన సంస్థకు డబ్బులిస్తుంది, కాబట్టి అవ్వ ప్రయాణం కూడా లెక్కకెక్కాలి. రాత్రి క్యాష్ కట్టేటప్పుడు టికెట్ల లెక్క ఉండే వేబిల్లుకూ సంచికీ పైసా తేడా రాకపోతే ఎంత హాయిగా ఉంటుందో నువ్వే చూస్తావు.

ఆలాపల్లి దారిలో మరాఠీ, తెలుగు, మాడియా మూడూ వినబడతాయి. అక్కడి గోండుల భాష మాడియా నీకు రాదు, నేర్చుకో. ఎక్కడ దిగుతావు, చిల్లర ఉందా, ఒంట్లో బాగాలేదా, ఇవి అడగడం వస్తే చాలు మొదటికి. దవాఖానకు పోయొచ్చే ముసలామెను ముందు సీట్లో కూర్చోబెట్టు, ఊరు రాకముందే లేపు. ఆమె రెండు కాళ్లూ, మూటా కిందికి చేరేదాకా బస్సు పోనిమ్మనే డబుల్ బెల్లు కొట్టకు. డ్రైవర్ విసుక్కుంటాడు. విసుక్కోనీ.

పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకు పాసు ఉచితం. నీ బస్సు రాకపోతే ఆ రోజు వాళ్లకు బడి లేనట్టే. నీ దోస్తు సెలవు పెడితే పని మర్నాడు చేసుకోవచ్చు, నీకలా కుదరదు. అలాగని వాళ్లంత జీతం మనకు రాదు, వానాకాలం రోడ్ల మీద నడుం విరుగుతుంది, అది కాదనను. బస్టాండులో బస్సుల రాకపోకలు చూసే కంట్రోలర్ కావాలనుంటే పరీక్ష రాయి. అది వచ్చేదాకా మాత్రం ఈ ఉద్యోగాన్ని వెయిటింగ్ రూములా చూడకు.

పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నావంటే "ఎస్టీలో కండక్టర్‌ని" అని చెప్పి అన్నం తిను. నువ్వు సంజాయిషీ మొదలుపెడితేనే వాళ్లు జాలిపడడం మొదలుపెడతారు.

ముక్కాం డ్యూటీ పడితే, ఊళ్లోనే పడుకుని తెల్లారి బస్సు తీయాలి కదా, దోమతెర మరిచిపోకు. మన గడ్చిరోలి జిల్లా మలేరియా సంగతి నీకు తెలిసిందే. రాత్రే పది రూపాయల నోట్లు విడిగా కట్టి పెట్టుకో. పొద్దున మొదటి ట్రిప్పులో ఎక్కినవాళ్లంతా ఐదొందల నోటే తీస్తారు.

మీ మామ