స్టెంట్ వేసినా పంపింగ్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు, పలమనేరు దగ్గర పల్లె. తెల్లవారుజామున 3 గంటలకు ఎదలో బరువు, ఒళ్లంతా చెమటలు. గ్యాసనుకుని సోడా తాగించాం. 7 గంటలకు పలమనేరులో ఈసీజీ తీసి తిరుపతికి పంపారు. 10 గంటలకు స్టెంట్ వేశారు. రక్తనాళం పూర్తిగా తెరుచుకుందన్నారు గానీ ఎకోలో (గుండె స్కానింగ్) పంపింగ్, అంటే గుండె ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే రక్తం వాటా, 38 శాతమే ఉందంటున్నారు. స్టెంట్ సరిగా పడలేదా?

జవాబు: స్టెంట్‌ది తప్పు కాదు. గుండెపోటులో నాళం మూసుకుపోయాక ఇరవై, ముప్పై నిమిషాలకే కండరం చావడం మొదలవుతుంది. ముందు గుండె గోడ లోపలి పొర, తర్వాత బయటి వైపు. ఆరు గంటలకల్లా జరగాల్సిన నష్టంలో చాలా భాగం జరిగిపోతుంది. మీ నాయనకు ఏడు గంటలు పట్టింది. అందులో నాలుగు గంటలు ఇంట్లోనే గడిచాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆగిన రక్తం తిరిగి రావడమే కొంత దెబ్బ తీస్తుంది. రక్తం లేనంతసేపూ కణాల్లో ఆమ్లం పేరుకుంటుంది, సోడియం, కాల్షియం లెక్క తప్పుతుంది. నాళం తెరుచుకోగానే ఆమ్లం ఒక్కసారిగా కడిగేసుకుపోతుంది, ఆక్సిజన్ వచ్చిపడుతుంది, కాల్షియం కణంలోకి పోటెత్తుతుంది. దాంతో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొరలో రంధ్రం తెరుచుకుని, బతికే అవకాశమున్న కణాలు కూడా కొన్ని చచ్చిపోతాయి. సన్న నాళాలు వాచి, గడ్డ తునకలతో పూడుకుపోతే యాంజియోలో పెద్ద నాళం శుభ్రంగా కనిపించినా కండరానికి రక్తం అందదు. అలాగని తెరవకపోవడమే మేలనుకోవద్దు. తెరవకపోతే ఆ కండరమంతా పోతుంది.

38 శాతమే ఖాయమనీ అనుకోవద్దు. తడి అందక వాడిన పైరు నీళ్లు పెడితే లేస్తుంది, ఎండిపోయింది లేవదు. గుండెలోనూ వాడిన భాగం కొంత ఉంటుంది, అది కోలుకోవడానికి రోజుల నుంచి వారాలు పడుతుంది. అందుకే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ ఎకో తీయించండి. ఈలోపు గుండెకు బలానికిచ్చిన మాత్రలు, ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన రెండు మాత్రలు డాక్టరుకు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానకూడదు. మానేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు.

ప్రశ్న: అలా ఎదలో బరువొస్తే ఇంట్లో వెంటనే ఏం చేయాలి? చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు.

జవాబు: ముందు 108కి ఫోన్. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి, దారిలో గుండె లయ తప్పితే షాకిచ్చే మిషన్ బైకు మీద ఉండదు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండై రక్తం పోతున్నవారు, మూతి వంకర, మాట తడబాటు ఉన్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించండి. 75 మాత్రలే ఉంటే నాలుగు. మింగేస్తే పని చేయడం ఆలస్యమవుతుంది, నమలాలి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రం డాక్టరు ముందే రాసిచ్చి ఉంటేనే. బీపీ పడిపోయి ఉన్నా, ముందురోజు వయాగ్రా లాంటి మాత్ర వేసుకుని ఉన్నా అది ప్రమాదం.

తర్వాత దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ. వెళ్లిన పది నిమిషాల్లో తీయాలి. అక్కడి నుంచి రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోట నాళం తెరిచే అవకాశం ఉంటే నేరుగా పంపాలి. లేదంటే అక్కడే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా ఇచ్చి, తర్వాత తిరుపతికి పంపాలి. నొప్పి మొదలైన మూడు గంటల్లో దీని మేలు ఎక్కువ, పన్నెండు గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. "ఇంజెక్షన్ వద్దు సార్, పెద్దాసుపత్రికి రాసివ్వండి" అని బంధువులు పట్టుబట్టడం మామూలే. పక్షవాతం, రక్తస్రావం లాంటి కారణాలేవీ లేవని డాక్టరు తేల్చాక అలా అడ్డుపడితే కండరమే పోతుంది.

ప్రశ్న: చేతికి బీపీ పట్టీ బిగించి వదులుతుంటే గుండెపోటు నుంచి రక్షణ అంటున్నారు. ఇంట్లో చేయొచ్చా?

జవాబు: ఆలోచన ఉత్తుత్తిది కాదు. 1986లో కుక్కల మీద చేసిన ప్రయోగంలో నాళాన్ని ఐదేసి నిమిషాలు నాలుగుసార్లు మూసి తెరిస్తే, తర్వాతి పెద్ద అడ్డంకిలో నష్టం బాగా తగ్గింది. చేతికి పట్టీ కట్టే పద్ధతి అందులోంచే పుట్టింది. కానీ స్టెంట్ వేయించుకునే వేలమంది రోగుల మీద చేసి 2019లో ప్రచురించిన పరీక్షలో మరణాలు గానీ గుండె వైఫల్యం గానీ తగ్గలేదు. పైన చెప్పిన మైటోకాండ్రియా రంధ్రాన్ని అడ్డుకుంటుందని ఆశపడిన సైక్లోస్పోరిన్ ఇంజెక్షన్‌దీ 2015లో అదే ఫలితం. పట్టీ బిగిస్తూ కూర్చుంటే పోయేది మీ టైమే.

ప్రశ్న: స్టెంట్ వేసి నెలన్నర. అలిపిరి మెట్ల మొక్కు తీర్చుకోవచ్చా?

జవాబు: ఇప్పుడొద్దు. 3550 మెట్లు, పైగా ఉక్క. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చూసి మీ డాక్టరు సరేనంటేనే. శ్రీవారి మెట్టు 2388 మెట్లే అయినా నిటారు, దాన్ని సులువనుకోవద్దు. అంతవరకు బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి.