తాతగారి యుద్ధ రికార్డు ఇవ్వం అంటే?

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మలయా వెళ్లి జపాన్ వాళ్లకు చిక్కారని, ఆయనది ‘హైదరాబాద్ రెజిమెంట్’ అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన మెడల్ ఒకటి మా దగ్గరుంది. సర్వీసు రికార్డు కోసం ఆర్మీకి ఆర్టీఐ పెడితే ‘ఇతరుల వ్యక్తిగత సమాచారం, ఇవ్వలేం’ అని జవాబొచ్చింది. నలభై వేలిస్తే రికార్డు తీయించి, పెన్షన్ బకాయిలు కూడా ఇప్పిస్తానని ఒక ఏజెంటు వెంటపడుతున్నాడు. నమ్మొచ్చా?
- ఒక పాఠకుడు, చిలకలగూడ

జవాబు: ఆర్మీ చెప్పిన కారణం చట్టం ముందు నిలవదు. అయితే అప్పీలు రాసే ముందు తాతగారు ఏ సైన్యంలో పనిచేశారో తేల్చుకోండి. అప్పట్లో మలయాలో హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు సైన్యాల వాళ్లున్నారు.

ఒకటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరుకే హైదరాబాద్, జవాన్లలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు. 1945లో దాన్ని కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు. ఇప్పుడు దాని కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. రెండోది నిజాం సొంత సైన్యం. అందులోని ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ మలయాలోని కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉండగానే 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు అక్కడ దిగాయి. మనది హైదరాబాదే కదా అని నిజాం సైన్యం అనుకోవద్దు, రెజిమెంట్ అన్నారు కదా అని రాణీఖేత్‌కూ రాయొద్దు.

ముందు మెడల్ తిప్పి చూడండి. నక్షత్రం ఆకారంలో ఉంటే వెనక వైపు, గుండ్రంగా ఉంటే అంచు మీద చూడాలి. మన జవాన్లకిచ్చిన వాటి మీద మామూలుగా సర్వీసు నంబరు, హోదా, పేరు, యూనిట్ పొడి అక్షరాల్లో కొట్టి ఉంటాయి. అన్నిట్లోకీ ఆ నంబరే ముఖ్యం, ఒకే పేరున్న వాళ్లు పదిమంది ఉంటారు. పూజ సామాన్లతో పాటు చింతపండు పెట్టి తోమేస్తే అక్షరాలు అరిగిపోతాయి, ఇంట్లో చెప్పండి. యూనిట్ దగ్గర ఆర్డ్‌నెన్స్ (సైన్యానికి ఆయుధాలు, సామగ్రి అందించే విభాగం) అని కనబడితే మాత్రం మీ పని సులువు, ఆ రికార్డు ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఇక చట్టం సంగతి. వాళ్లు చూపించింది ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(జె), అంటే వ్యక్తిగత సమాచారం మినహాయింపు. 2023 డేటా రక్షణ చట్టంతో దాన్ని ఇంకా బిగించిన మాట నిజమే. కానీ సెక్షన్ 8(3) జోలికి పోలేదు. ఇరవై ఏళ్లు దాటిన సంగతుల సమాచారాన్ని మూడు కారణాల మీద తప్ప ఆపకూడదని అది చెబుతుంది: దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు. వ్యక్తిగత సమాచారం ఆ మూడింట్లో లేదు. మీది ఎనభై ఏళ్లు దాటిన వ్యవహారం. జవాబు అందిన 30 రోజుల్లోపు ఇదే రాసి మొదటి అప్పీలు వేయండి. గడువు దాటిపోతే ఆలస్యానికి కారణం రాసి వేయొచ్చు. అక్కడా కాదంటే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు వెళ్లండి. బంధుత్వం రుజువు చేయాల్సిన అవసరం చట్టంలో లేదు గానీ, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ జత చేస్తే గొడవ తగ్గుతుంది.

ఒక చిక్కుంది. పెన్షన్ లేకుండా బయటికొచ్చిన జవాన్ల సర్వీసు కాగితాలను ఆర్మీ నిబంధనల ప్రకారం 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేస్తారు. లేని కాగితాన్ని ఏ కమిషనూ ఇప్పించలేదు. అందుకని అప్పీలుతో పాటు ‘లాంగ్ రోల్’లో (జవాన్ల పేర్లు, నంబర్లు రాసి ఉంచే రిజిస్టరు) ఆయన ఎంట్రీ నకలు, కాగితాలు ధ్వంసం చేసి ఉంటే ఆ ఉత్తర్వు నకలు కోరుతూ ఇంకో దరఖాస్తు పెట్టండి. మొదటి దరఖాస్తులో అడగనిది అప్పీల్లో అడిగితే కొట్టేస్తారు.

నిజాం సైన్యం అని తేలితే ఢిల్లీకి రాసి లాభం లేదు. నిజాం ప్రభుత్వ రికార్డులు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, సైనిక శాఖ ఫైళ్ల కేటలాగు అడగండి. చాలావరకు ఉర్దూ చేతిరాత. పాత దస్తూరీ చదవగలిగిన పెద్దాయన్ని ఎవరినైనా వెంట తీసుకెళ్లండి, మామూలుగా ఉర్దూ వచ్చినవాళ్లు కూడా తడబడతారు.

ఏజెంటుకు పైసా ఇవ్వొద్దు. కేంద్ర కార్యాలయానికి ఆర్టీఐ ఫీజు 10 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టొచ్చు, మొదటి అప్పీలుకు ఫీజే లేదు. పెన్షన్ బకాయిల మాట పచ్చి మోసం, మనవలకు ఫ్యామిలీ పెన్షన్ రాదు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వాట్సాప్ మెసేజ్‌లు, ఫోన్‌పే రశీదులు డిలీట్ చేయకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి.