మందు మానతానంటున్నారా? మీటింగ్ కన్నా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండి

ప్రశ్న: మా ఆయనకు 43 ఏళ్లు. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు రోజూ రెండు క్వార్టర్లు, ఆదివారాలు కల్లు. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయి, కాస్త పడితేగానీ ఆగవు. కిందటి కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటే రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. ఆర్‌ఎంపీ గ్లూకోజ్ ఎక్కించారు. తెలిసినవాళ్లు ఇచ్చిన పొడి మూడు వారాలుగా ఆయనకు తెలియకుండా కూరలో కలుపుతున్నాను. వాంతులవుతున్నాయి, తాగడం మాత్రం ఆగలేదు. ఇప్పుడు తనే మానేస్తానని, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగ్‌కి వెళ్తానని అంటున్నారు. అవి ఎక్కడ జరుగుతాయి? డబ్బు కట్టాలా? నలుగురికీ తెలిసిపోతుందా?
– ఒక సోదరి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, ఆ పొడి ఈరోజే ఆపేయండి. పొట్లం పారేయకుండా దాచి డాక్టరుకు చూపించండి.

పేరూ, లేబులూ లేని ఇలాంటి పొడుల్లో ఏముందో చూసి చెప్పలేం. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రలు నూరి కలిపి ఉండొచ్చు. మద్యం ఒంట్లో విరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా అది వెంటనే ఖర్చయిపోతుంది, డైసల్ఫిరామ్ ఉంటే పేరుకుపోతుంది. తాగిన పది నుంచి ముప్పై నిమిషాల్లో ముఖం ఎర్రబడటం, వాంతులు, గుండెదడ, ఆయాసం మొదలవుతాయి. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు. పొడి ఆపాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. ఈ మందు పనికిరానిదని కాదు. లివర్, గుండె పరీక్షించి, రోగికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఇస్తాం. దగ్గు సిరప్‌లో ఉండే కొద్దిపాటి ఆల్కహాల్‌తోనూ జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తాం. తిండిలో రహస్యంగా కలిపితే ఆయనకు ఆ హెచ్చరిక ఎవరు చెబుతారు? మీరు ప్రేమతోనే చేశారు, అర్థమైంది. కానీ ఇది చాలా ప్రమాదం. ఇంకెవరైనా సలహా అడిగినా ఇవ్వకండి.

రెండోది ఫిట్స్. మాల వేసుకుని మందు మానేసేవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. రోజూ తాగుతూ, పొద్దున చేతులు వణికేవాళ్ల సంగతి వేరు. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేని పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, జ్వరం రావచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని డాక్టర్ చూసేదాకా ఒక్కసారిగా ఆపించకండి. అలాగని రోజులు గడపకండి. ఆయన మానతానన్న ఈ వారంలోనే జిల్లా ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీ ఓపీకో, డీఅడిక్షన్ సెంటర్‌కో తీసుకెళ్లండి. ఆయన పరిస్థితికి అడ్మిట్ చేయడమే మంచిదని నా అభిప్రాయం, తుది నిర్ణయం చూసిన డాక్టరుదే. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి, ఆ మాత్రలను కొద్దిరోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. లివర్ దెబ్బతిని ఉంటే వేరేది వాడతారు. ఇవి మందుల షాపులో అడిగి మీరే వాడకూడదు.

గ్లూకోజ్ సంగతీ చెప్పాలి. చాలాకాలంగా తాగేవాళ్లలో విటమిన్ బి1, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. చూపు తేడా, నడకలో తూలడం, మతిమరుపు అలా మొదలై ఒక్కోసారి శాశ్వతంగా మిగులుతాయి. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి, నోట్లో చెంచా పెట్టకండి.

కల్లు తాగే సంగతి డాక్టరుకు దాచకండి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కేసులున్నాయి. వాటిని హఠాత్తుగా ఆపినా ఫిట్స్, మతి తప్పడం ఉంటాయి.

ఇక మీటింగులు. చేతుల వణుకు తగ్గి, తిండి, నిద్ర కుదుటపడ్డాక వెళ్లడం మేలు. ఏఏ 1935లో అమెరికాలో మొదలైంది, మన దేశంలో 1957 నుంచి ఉంది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. అద్దెకూ, టీకీ బుట్ట తిప్పుతారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. గంట, గంటన్నర ఉంటుంది. ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, మొదటిరోజు నోరు విప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వాళ్ల నియమం. ఊళ్లో ఎవరికైనా తెలుస్తుందని భయమైతే పక్క పట్టణంలో మీటింగ్ ఎంచుకోండి. చర్చి హాల్లో జరిగినా అది మతం కాదు. ఓపెన్ మీటింగ్‌కి మీరూ వెళ్లొచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. చిన్న ఊళ్లలో గ్రూపు లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. అక్కడెవరైనా డాక్టరిచ్చిన మాత్రలు ఆపమంటే వినకండి, అది ఏఏ పద్ధతి కాదు.

చోటు కనుక్కోవడానికి ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరుతో వెతకండి. డీఅడిక్షన్ సెంటర్ల కోసం 14446కి, మానసిక సాయానికి టెలీ మానస్ 14416కి చేయండి. రెండూ ఉచితమే, టెలీ మానస్‌లో తెలుగులో ఇరవై నాలుగు గంటలూ మాట్లాడొచ్చు. బయల్దేరే రోజు గ్రూపువాళ్లకు ఫోన్ చేసి మూడు అడగండి: ఈ వారం జరుగుతుందా, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా. హాల్ మారడం, సెలవు పడటం మామూలే, తాళం వేసిన గేటు చూసి వెనక్కి వచ్చిన మనిషి మళ్లీ బయల్దేరడం కష్టం. ఆయన రోజూ ఏ వేళకు మొదలుపెడతారో ఆ వేళకు ఉన్న మీటింగ్ దొరికితే అదే ఎంచుకోండి. మీకోసం అల్-అనాన్ అని కుటుంబసభ్యుల గ్రూపులు వేరుగా ఉంటాయి. ఆయన వచ్చినా రాకపోయినా మీరు వెళ్లొచ్చు.