టుకీ క్రియకీ మధ్య

అమ్మాయీ,

నీ ఇంగ్లీషు కథ అందింది. కథ సంగతి తీరిగ్గా రాస్తాను గానీ, ముందు ఒక్క వాక్యం తేల్చుకుందాం. ‘హి డిసైడెడ్ క్విక్లీ టు లీవ్’ అన్నావు. వెళ్ళాలని త్వరగా నిర్ణయించుకున్నాడా, త్వరగా వెళ్ళాలని నిర్ణయించుకున్నాడా? మూడు పేజీలుగా తటపటాయిస్తున్న మనిషి కాబట్టి రెండోదే అయ్యుండాలి. మరి ‘టు క్విక్లీ లీవ్’ అనడానికి జంకు దేనికి? ‘టు’నీ క్రియనీ విడదీయకూడదని ఎవరో నూరిపోసి ఉంటారు.

ఆ కట్టుబాటుకి మనం అనుకునేంత వయసు లేదు. హెన్రీ ఆల్ఫర్డ్ అనే మతాచార్యుడు ఇలా విడదీయడం తగదని పుస్తకంలో రాసింది 1864లో. 1812లోనే బైరన్ ‘టు స్లోలీ ట్రేస్’ అని కవిత్వంలో రాసేశాడు. 1926లో ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని ఈ విషయంలో ఐదు రకాలుగా విడగొట్టి, ఇదేమిటో తెలియక, పట్టించుకోకా ఉన్నవాళ్ళే సుఖపడుతున్నారన్నాడు. నాకూ ఆ మాటే నచ్చుతుంది.

అయితే మాట ఎక్కడ పెట్టినా ఒకటేనని కాదు. ‘షి ఫెయిల్డ్ టు కంప్లీట్లీ అండర్‌స్టాండ్’ అంటే ఆవిడకి కొంత అర్థమైంది, పూర్తిగా కాలేదు. ‘షి కంప్లీట్లీ ఫెయిల్డ్ టు అండర్‌స్టాండ్’ అంటే బొత్తిగా అర్థం కాలేదు. విడదీయకూడదన్న భయంతో ‘ఫెయిల్డ్ కంప్లీట్లీ టు అండర్‌స్టాండ్’ అని రాశావనుకో, రెండిట్లో ఏదో చదివేవాడు ఊహించుకోవాల్సిందే. ‘టు మోర్ దాన్ డబుల్’ లాంటి చోట్ల అయితే ఆ ‘మోర్ దాన్’ని పక్కకి జరపడమే కుదరదు.

2009 జనవరి 20న ఒబామా ప్రమాణస్వీకారం గుర్తుందా? రాజ్యాంగంలో ఉన్నది ‘ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ ‘ఫెయిత్‌ఫుల్లీ’ని వాక్యం చివరికి తోసేశారు. ఒబామా మధ్యలో ఆగిపోయారు. ఎందుకైనా మంచిదని మర్నాడు వైట్‌హౌస్‌లో మళ్ళీ ప్రమాణం చేయించారు. అక్కడ ‘టు’ లేదనుకో, ‘విల్’ ఉంది. విడదీయడం మీద వెగటు అలవాటైన నాలుక పనే అది అన్నవాళ్ళూ ఉన్నారు.

చెప్పాను కదా అని ‘టు’ తర్వాత ఐదారు మాటలు కుక్కకు. క్రియ వచ్చేసరికి చదివేవాడికి ‘టు’ గుర్తుండదు. ఒక మాట, మహా అయితే రెండు. ఇప్పటికీ ఇది తప్పేనని పట్టుబట్టే ఎడిటర్లు తగులుతారు. వాళ్ళతో వాదన పెట్టుకోకు, వాక్యమే మార్చెయ్. ‘టు లీవ్ ఎట్ వన్స్’ అంటే ఎవరికీ పేచీ ఉండదు.

ఇంకోటి. ఏడో పేజీలో ‘టు లౌడ్లీ షౌట్’ అని ఉంది. షౌట్ అన్నాక మెల్లగా అరిచేదెవరు? ఆ ‘లౌడ్లీ’ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించకు, కొట్టెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు